పాప వయసెంత

కాశీబుగ్గలో నా కొట్టు షట్టరు
సగం లేపితే చాలు, లోపల ఎవరో ఒకరు మోగుతారు.
బ్యాటరీ తియ్యడం మరిచిన కోతి,
దాని రెండు చేతుల్లో రెండు తాళాలు.
నాకంటే ముందు అదే బోణీ అడుగుతుంది.

ఇవాళ సరుకు లెక్క రాసుకునే రోజు.

పై అరలో రబ్బరు బుడగల పలకలు,
నొక్కితే టప్పుమనేవి.
ఒక వేసవంతా గుంటలు వాటికోసం
చెప్పులు వదిలి మరీ నిలబడ్డారు గుమ్మంలో.
పూర్ణా మార్కెట్టుకి పోయి పన్నెండు డజన్లు ఎత్తుకొచ్చాను.
పలాస స్టేషన్లో మూట దించేసరికి
ఊరికి మోజు తీరిపోయింది.
నిద్ర పట్టని రాత్రి ఇప్పటికీ ఒక పలక దించి
నష్టాన్ని ఒక్కొక్కటిగా నొక్కుతాను.
టప్.
టప్.

దాని కింద వేళ్ల మధ్య తిరిగే చక్రాలు.
దాని కింద డబ్బాలోనే ఎండిన జిగురుముద్దలు.
ఏ ఏడు ఏ జ్వరం తగిలిందో
మా అరలు చూసి చెప్పెయ్యొచ్చు.

కోరాడ తవిటయ్య బరంపురం బండి దిగి
బ్యాగు విప్పుతాడు.
"ఐఎస్ఐ గుర్తు లేంది ముట్టకు బావా,
రోజులు మారిపోనాయి."
నిజమే, పెట్టె అడుగున ఊరి పేరు మారింది.
బొమ్మ రెప్ప వేసే తీరు మాత్రం అదే,
పడుకోబెడితే ఒక కన్ను ముందు, ఒక కన్ను తరవాత.

సాయంత్రాలు ఫోన్లు వస్తాయి, వెనకాల మనుషులు.
రిమోటు బండి ఎంతంటారు.
ఐదొందల ఎనభై అంటాను.
బండిని కాదు, దాని పెట్టె మీది నల్లగీతల్ని ఫొటో తీస్తారు.
ఫోను ఏదో తక్కువ చెబుతుంది.
"మళ్లీ వస్తాం."
కుర్రాడు మాత్రం బండికేసి చూస్తూ
వెనక్కి వెనక్కి నడుస్తాడు.
వాడి పేరు యక్షిత్. వాళ్లమ్మ అరిస్తే తెలిసింది.
మూడోనాడు అట్టపెట్టెలో అదే బండి దిగుతుంది.
తెచ్చినవాడు మా అప్ప కొడుకే,
ఇల్లు దొరక్క నన్నే అడుగుతాడు.
నేనే చెబుతాను:
రెండో సందు, నీలం గేటు, కుక్కుంది చూసుకో.

మొన్న, జీడి ఫ్యాక్టరీ వదిలేవేళ,
ఒక మనిషి వచ్చి గుమ్మం బయటే ఆగింది.
చేతులు కొంగులో దాచుకుంది.
జీడిసొన తిన్న వేళ్లు,
గోళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు.
"ఆ పైది దించండి బాబూ."
వంటసెట్టు.
స్టవ్వు, కుక్కరు, వేలెడు గరిటె,
ఎప్పటికీ వాడిపోని సగం టమాటా.
రెండొందల నలభై.
బేరమాడలేదు. ఫోను తియ్యలేదు.
మూడేళ్లు దాటినవాళ్లకని రాసుంటుంది గదా,
అలవాటుగా అడిగాను:
"పాప వయసెంత?"

"నలబయ్యారు."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.
"నాకే బాబూ.
మా మేస్త్రీ కూతురికి ఇలాటిదే ఉండీది.
నాను ముట్టుకోబోతే సేతిమీద ఒక్కటేసింది.
జీతం పడింది. కొనీసినాను."
రంగుకాగితం చుట్టనా అంటే
"ఒద్దు, ఆటోలో సూసుకుంతాను" అంది.

తవిటయ్య బ్యాగులో నున్నటి పుస్తకం ఒకటి ఉంటుంది.
ఇకపై బొమ్మలు కొనేది పెద్దవాళ్లేనట,
అదే రేపటి గిరాకీయట,
ఎర్రగీత ఒకటి ఎగబాకుతుంటుంది అందులో.
పక్కన గాజు బీరువా, వేలు పోసి కొన్న రోబో,
దాన్ని ఎత్తుకుని బెంగుళూరు కుర్రాడు.
ఆ గీతలో మందస ఆటో ఎక్కడుందా అని
కళ్లజోడు పెట్టుకుని వెతికాను.

ఇవాళ, నేను లెక్క రాస్తుండగానే, మళ్లీ వచ్చింది.
కుక్కరుకి మూత లేదట.
పెట్టెతో సహా తెచ్చింది, ఒక్క గీత పడనివ్వలేదు.
కొత్త పెట్టె కోసి మూత తీసిచ్చాను.
కోసిన పెట్టె ఇంక పోదనుకుని
నష్టం కింద రాయబోతూ తలెత్తితే,

ఆమె వెనక, గుమ్మం దాటకుండా, ఇంకో ఇద్దరు.
చేతులు కొంగుల్లో.
"మూత లేకపోనా పరవానేదు బాబూ,
అదెంతకిస్తారేటి?"